అప్పాలు కాల్చినవాడు

మా ఊరికి బిషప్ గారు వస్తున్నారంటే అదొక తిరునాళ్ళు. గుడికి సున్నం, దారికి కళ్ళాపి, మామిడాకుల తోరణాలు, డప్పులు, జాలర్లున్న పట్టు గొడుగు. ముసలివాళ్ళు ఆయన్ని మేత్రాణులవారు అనేవాళ్ళు. ఆయన కారు దిగీ దిగగానే మోకాళ్ళ మీద పడి చేతి ఉంగరం ముద్దు పెట్టుకునేవాళ్ళు. ఆ ఉంగరంలో రాయి ఎర్రదో ఊదాదో చూడాలని చిన్నప్పుడు నేను ఎంత తాపత్రయపడినా పెద్దవాళ్ళ మోచేతులు తప్ప ఇంకేమీ కనపడేవి కావు. బిషప్ అంటే గొడుగు కింద నడిచే మనిషి అని నా మనసులో అలా నాటుకుపోయింది.

అందుకే ఒమన్‌లో అక్కడి బిషప్ గారిని మొదటిసారి చూసినప్పుడు పోల్చుకోలేకపోయాను. డెబ్బైల నాటి మాట. అల్ సువైక్ దాటి ఖబూరా వైపు సముద్రం వెంబడి రోడ్డు వేస్తున్న ఒక కంపెనీకి నేను మెస్‌లో వంటవాణ్ణి. ఒక శుక్రవారం పొద్దున, అంటే మాకు సెలవు రోజు, క్యాంపు ముందు ఒక పికప్ ఆగింది. వెనక నుంచి ఒక పొడుగాటి తెల్ల ముసలాయన దిగాడు. తల నుంచి కాళ్ళ దాకా దుమ్ము. చేతిలో తోలు పెట్టె. కొత్త స్టోర్‌కీపర్ కాబోలనుకుని టీ కావాలా అని అడిగాను.

“ముందు నీళ్ళు. తరువాత టీ. ఆ తరువాత నీకు పనేమీ లేకపోతే ఈ బల్లలు కాస్త పక్కకు జరుపుదాం,” అన్నాడాయన వచ్చీరాని హిందుస్తానీలో.

నాకు ఒళ్ళు మండింది. నా మెస్‌లో బల్లలు జరపమనడానికి ఈయనెవరు? ఆ మాటే అనబోతుండగా ఆఫీసులో పనిచేసే గోవా గుమాస్తా పరుగెత్తుకొచ్చి ఆ దుమ్ములోనే మోకాళ్ళూని ఆయన ఉంగరం ముద్దు పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఉంగరం. వట్టి వెండిది. అందులో రాయే లేదు. చిన్నప్పటి నా తాపత్రయమంతా గుర్తొచ్చి, మారు మాట్లాడకుండా బల్లలు జరిపాను.

అప్పటికి ఆ దేశంలో సుల్తాను మారి ఎంతో కాలం కాలేదు. ఎటు చూసినా తవ్వకాలే. రేవు, రోడ్డు, బడి, ఆసుపత్రి అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. వాటిని కట్టడానికి మాలాంటివాళ్ళం ఓడల్లో దిగాం. మాలో ఇన్ని క్రైస్తవ ప్రాణాలున్నాయి కాబట్టి ఈయన దిగారు. ఆయనకు ఆ దేశంలో గుడి లేదు, ఇల్లు లేదు, గంట లేదు. ఆ తోలు పెట్టె ఒక్కటే ఆయన పీఠం. అందులో ఒక తెల్ల గుడ్డ, రెండు కొవ్వొత్తులు, చిన్న గిన్నె, పుస్తకం. నెలకోసారి ఎవరో ఒకరి బండి పట్టుకుని మా వైపు వచ్చి మెస్ హాల్లో పూజ చేసి వెళ్ళేవారు. ముందు రోజు వండిన చేపల పులుసు వాసన ఎంత కడిగినా హాల్లోంచి పోయేది కాదు. నేను నొచ్చుకుంటే, ప్రభువుకు చేపలవాళ్ళు కొత్తేం కాదులే అనేవారు. క్యాంపు కావలి కాసే ఒమానీ ముసలాయన గుమ్మం బయట కూర్చుని, పూజ అయిందాకా లోపలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అయ్యాక బిషప్ గారికి ఖర్జూరాలు తెచ్చిచ్చేవాడు.

పూజకు గోవా వాళ్ళు, మలయాళీలు, తమిళులు, మా గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళు కొందరు వచ్చేవాళ్ళు. అందరూ హాల్లో మోకాళ్ళూనితే నేను వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడేవాణ్ణి. పాటలు పాడేవాణ్ణి, జపాలు చెప్పేవాణ్ణి. సత్ప్రసాదం వేళకు మాత్రం వంటగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

దీనికి కారణం చెప్పాలి. నేను మంగళగిరిలో మగ్గం నేసేవాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. వాళ్ళది నరసింహస్వామిని కొలిచే ఇల్లు. మాది తాతల నాటి నుంచి కతోలిక ఇల్లు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒప్పుకోకపోతే గుంటూరు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి దండలు మార్చుకున్నాం. గురువు ముందు జరగని పెళ్ళిని మా తిరుసభ పెళ్ళిగా లెక్కపెట్టదు. అలా చేసుకున్నవాడు గుడికి రావచ్చు, పాడవచ్చు, కానుక వేయవచ్చు. పూజలో గురువు ఎత్తి చూపే ఆ పలచని గోధుమ అప్పం, ప్రభువు శరీరమని మేం నమ్మే సత్ప్రసాదం, అది మాత్రం వాడి నోటికి లేదు.

తిరిగి రావడానికి మా గురువు ఒక దారి చూపించాడు. నేను మూడు ఆదివారాలు గుడి గుమ్మం ముందు కంకర మీద మోకాళ్ళూని తప్పు చేశానని అందరి ముందూ చెప్పాలి. ఆమె జపాలు నేర్చుకుని జ్ఞానస్నానం పొందాలి. కంకర నాకొక లెక్క కాదు. హోటల్ పొయ్యిల దగ్గర పెరిగిన ఒళ్ళు. కానీ తప్పు చేశాను అంటే ఏమిటా తప్పు? ఆమే కదా. నా కోసం పుట్టింటి గుమ్మం వదులుకున్న మనిషిని నలుగురిలో తప్పు అని పిలవడానికి నాకు నోరు రాలేదు. వీడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నారు మావాళ్ళు. అననీ. ఈనాటికీ మూడే అంటాను.

అయినా ఆకలి ఆకలే. మొండితనంతో కడుపు నిండుతుందా? ప్రతి ఆదివారం గుడికి వెళ్ళి, గంట మోగి అందరూ వరస కట్టినప్పుడు నేను గోడకు ఆనుకుని నేల చూసేవాణ్ణి. నాతో పాటు మొదటి సత్ప్రసాదం తీసుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని తిరిగి వస్తుంటే ఆ పాదాలు లెక్కపెట్టేవాణ్ణి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ బాధ తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. సముద్రం దాటి వస్తే మరుస్తానేమో అనుకున్నాను. ఇక్కడికి వచ్చాక ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, ఇక అదొక్కటే గుర్తొచ్చేది.

పూజ అయ్యాక బిషప్ గారు వెంటనే వెళ్ళిపోయేవారు కాదు. వంటగదిలో బియ్యం బస్తా మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలిచేవారు. ఆయన ఒలిస్తే ఉల్లిపాయలో సగం చెత్తబుట్టకే పోయేది. వద్దంటే వినేవారు కాదు. నన్ను ఉస్తాద్ అని పిలిచేవారు. నేను ఫాదర్ అనేవాణ్ణి. ఆ పని చేస్తూనే తన సంగతులు చెప్పేవారు. పుట్టింది ఐరోపాలో మంచు కురిసే కొండల్లో. గురుపట్టం తీసుకున్న కొత్తలోనే ఓడెక్కి అరేబియాకు దక్షిణాన ఒక రేవు పట్నంలో దిగారు. అక్కడ ఉన్న హిందుస్తానీ కూలీల దగ్గర ఆ భాష పట్టుకున్నారు. బడి కట్టారు, గంట ఉన్న గుడి కట్టారు. ఏళ్ళు గడిచాక ప్రభుత్వం మారింది. బడికి తాళం వేసి, ఒక పెట్టె పట్టుకుని వెళ్ళిపొమ్మన్నారు.

“కోపం రాలేదా ఫాదర్?” అని అడిగాను.

“ఎందుకు రాలేదు? చాలాకాలం కోపంగానే ఉన్నాను. తరువాత ఒకరోజు నవ్వొచ్చింది. నన్ను వెళ్ళిపొమ్మన్న కుర్రాళ్ళు ఎంత చక్కటి ఇంగ్లీషులో చెప్పారనుకున్నావు! అది నేర్పింది నేనే.”

మస్కట్‌లో ఆయన పనంతా ఆఫీసుల్లో ఎదురుచూడటమే. గుడికి కాస్త స్థలం అడగడానికి వెళ్ళేవారు. వాళ్ళు ఆదరంగా కూర్చోబెట్టి చిన్న కప్పుల్లో కహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోసి, బుక్రా, ఇన్షా అల్లా అని పంపించేవాళ్ళు. బుక్రా అంటే రేపు. ఆయనకు విసుగు పుట్టడం నేనెప్పుడూ చూడలేదు. “కొత్త దేశం ఉస్తాద్. ఇంకా వాళ్ళ పిల్లలకే బళ్ళు కట్టుకుంటున్నారు. ఆ వరసలో మనం ఎక్కడో చివర. వాళ్ళు కాదని మాత్రం అనలేదు. కాదననివాళ్ళ గుమ్మంలో ఎంతసేపైనా కూర్చోవచ్చు,” అనేవారు. తరువాత కొన్నేళ్ళకు స్థలం వచ్చిందనీ గుడి లేచిందనీ విన్నాను. అప్పటికి నేను అక్కడ లేను. నాకు తెలిసిన గుడి మా మెస్ హాలే.

ఒక ఏడాది పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు ముందు చిక్కు వచ్చిపడింది. పూజకు కావలసిన అప్పాలు బొంబాయి నుంచి డబ్బాల్లో వచ్చేవి. ఆసారి డబ్బాకు ఉప్పునీళ్ళు తగిలి అప్పాలన్నీ బూజుపట్టాయి. ఇంకో డబ్బా వచ్చేలోగా పండుగ దాటిపోతుంది. బిషప్ గారు ఉల్లిపాయలు పక్కన పెట్టి నా వంక చూశారు.

“నువ్వు చేయగలవా ఉస్తాద్?”

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చిన్నప్పుడు మా ఊరి కన్యాస్త్రీల మఠంలో అప్పాలు కాల్చేవాళ్ళు. గుండ్రంగా కత్తిరించాక మిగిలిన ముక్కలు కిటికీలోంచి మాకు పంచేవాళ్ళు. వాటి కోసం పొద్దున్నుంచీ ఆ కిటికీ కింద కాచుక్కూర్చునేవాణ్ణి. నాకు ఆ రుచి నాలుక మీద ఉంది. ఆయన ముందే చేసి చూపిస్తానని మైదా తీసుకుని, చక్కెర వేసి, చారెడు నెయ్యి పోసి, ఏలకుల పొడి కూడా చల్లి పెనం మీద పలచగా కాల్చాను. ఘుమఘుమలాడిపోయింది వంటగది.

ఆయన ఒకటి కొరికి కళ్ళు మూసుకున్నారు. “అద్భుతంగా ఉంది. టీ పెట్టు. ఇవి మనిద్దరం తినేద్దాం. పూజకు పనికిరావు.”

“ఎందుకు పనికిరావు?”

“గోధుమ పిండి, నీళ్ళు. అంతే. ఉప్పు కూడా వేయకూడదు.”

“కాదు ఫాదర్, నేను తిన్నాను కదా! మా మఠంలో చేసేవి తియ్యగా ఉండేవి.”

ఆయన ఇంకో ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. “పొద్దున్నుంచీ ఏమీ తినకుండా కూర్చునేవాడివి కదూ కిటికీ కింద?” అన్నారు. నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. వంటవాడి నాలుకను తప్పుపడితే కోపం రాదా? కానీ ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం. నా ఆకలే వాటికి చక్కెర వేసింది.

సరే, పిండీ నీళ్ళూ అన్నారు కదా అని కలిపాను. మామూలు పెనం మీద అవి పొంగుతున్నాయి, వంకర పోతున్నాయి. రెండు ఇనప రేకుల మధ్య అదిమి కాల్చాలి. సైట్‌లో వెల్డింగు చేసే కడప సాయిబు దగ్గరికి వెళ్ళి పట్టకారు లాంటిది, చివర రెండు గుండ్రటి బిళ్ళలుండేది చేసిపెట్టమన్నాను.

“ఏం మామా, ఇంత పల్చగా ఏం కాల్చుకుంటావు? అప్పడం గూడా ఇంతకంటే మందంగా ఉంటాది,” అని ఎకసెక్కం చేశాడు. పూజకని చెప్పగానే నవ్వు ఆపేశాడు. “సామి పనంటే ముందే జెప్పాల గదా!” అని లేచి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, అంతకుముందు కోసిన రేకు పక్కన పారేసి కొత్త రేకు తీసుకున్నాడు. బిళ్ళ లోపలివైపు సిలువ గుర్తు కూడా తనే ఆకురాయితో గీశాడు. అంత సన్నగా, అంత తిన్నగా గీసిన సిలువ నేను మళ్ళీ చూడలేదు.

రెండు రోజులు తంటాలు పడ్డాక కుదిరాయి. తెల్లగా, కాగితంలా, విరిస్తే పుటుక్కుమని చప్పుడయ్యేలా. మా రూమ్‌లో ఉండే కరీంనగర్ అన్న ఒకటి నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టాడు. “ఇదేందన్నా, ఉప్పు లేదు, కారం లేదు. దేవునికి గింత సప్పగ పెడ్తరా మీరు?” అన్నాడు. గట్లనే పెడ్తం అన్నాను నేనూ అతని యాసలోనే.

పాస్కా పూజకు హాలు నిండిపోయింది. మస్కట్ నుంచి కూడా కొందరు వచ్చారు. బిషప్ గారు నేను కాల్చిన అప్పం రెండు చేతులతో పైకెత్తారు. నేను గుమ్మానికి ఆనుకునే ఉన్నాను. పొద్దున నా చేతి కింద పిండి ముద్ద అది. ఇప్పుడు దానికి అందరూ తల వంచుతున్నారు. అందరూ వరస కట్టారు. గోవా గుమాస్తా, మలయాళీ కంపౌండరు, మా కృష్ణా జిల్లా మేస్త్రీ, ఒక్కొక్కరూ తీసుకుని వెళ్ళారు. వరస అయిపోయింది. ఆయన పళ్ళెంలో ఒకటి మిగిలింది. అది వేళ్ళ మధ్య పట్టుకుని ఆయన నా వైపు చూస్తూ నిలబడిపోయారు. హాలంతా తల తిప్పి చూసింది. నేను కుక్కిన పేనులా వంటగదిలోకి దూరి, పప్పు అడుగంటుతోందన్నట్టు గరిటెతో కలపడం మొదలుపెట్టాను.

పూజ అయ్యాక ఆయన వచ్చి బస్తా మీద కూర్చున్నారు. “పప్పు నిజంగా మాడిందా?”

“లేదు ఫాదర్.”

“ఏడాదిగా చూస్తున్నాను. అందరికీ వడ్డించి తను తినని వంటవాణ్ణి.”

నేనిక ఆగలేకపోయాను. రిజిస్ట్రారు ఆఫీసు, దండలు, కంకర, అన్నీ చెప్పేశాను. చెప్తూ చెప్తూ గొంతు పెరిగింది. ఆయన మీద అరిచాననే అనాలి. ఆమెను తప్పు అనను, చచ్చినా అనను అని గరిటె బల్ల మీద కొట్టాను. ఆయన గుడ్డ ఇమ్మని చెయ్యి చాచారు. పప్పు ఆయన చొక్కా మీద పడింది మరి.

“రూలు రూలే ఉస్తాద్. దాన్ని నేను తీసేయలేను,” అన్నారు చొక్కా తుడుచుకుంటూ. “కానీ ఆ రూలు పక్కనే ఇంకొకటి ఉంది. నీకు ఎవరూ చెప్పినట్టు లేదు.”

ఆయన చెప్పింది ఇది. గుడి బయట జరిగిన పెళ్ళిని వేరు దగ్గరి నుంచి బాగుచేసే అధికారం తిరుసభకు ఉంది. మళ్ళీ పెళ్ళి అక్కర్లేదు, కంకర అక్కర్లేదు, ఆమె మతం మారనక్కర్లేదు. బిషప్ మాట ఇస్తే చాలు, అది మొదటి నుంచీ పెళ్ళే అవుతుంది. నేను నా విశ్వాసం నిలుపుకోవాలి, బిడ్డను ఆ దారిలో పెంచడానికి చేతనైనంత చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, మేమిద్దరం ఈనాటికీ ఒకరికొకరం కావాలనుకుంటూ ఉండాలి.

“నీ మాట నాకు అందింది. చొక్కా మీద కూడా ఉంది,” అన్నారు. “ఆమె మాట కావాలి.”

ఇన్నేళ్ళూ ఆ తలుపు ఉందని నాకు తెలియనే తెలియదు. అది బిషప్ చేతిలోది. మా ఊళ్ళో బిషప్ గొడుగు కింద ఉంటారు. ఆ గొడుగు దాకా వెళ్ళి అడిగేదెవరు?

సంతోషంతో పాటే భయం పట్టుకుంది. ఇల్లు వదిలి రెండేళ్ళు దాటింది. చిన్న పిల్లతో ఒక్కతే మా ఊళ్ళో అద్దె ఇంట్లో మగ్గం పని చేసుకుంటోంది. నా వల్ల పుట్టింటికి దూరమైంది. ఆ పుట్టింటివాళ్ళు ఇప్పుడు వచ్చి పోతున్నారని కబురు. అలాంటి మనిషిని, నేనంటే నీకు ఇంకా ఇష్టమేనా అని అడగాలి. ఇష్టం లేదంటే? అప్పాలే కాదు, ఆమె కూడా పోతుంది. అడక్కుండా ఉంటే ఆమె అయినా మిగులుతుందని చాలా వారాలు నోరు మూసుకున్నాను.

మాలో ఉత్తరాలు రాయలేనివాళ్ళు క్యాసెట్లలో మాట్లాడి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేత ఇంటికి పంపేవాళ్ళు. నేనూ అలాగే చేశాను. కరీంనగర్ అన్న టేప్ రికార్డర్ అడిగి, రూమ్ తలుపు వేసుకుని కూర్చున్నాను. సత్ప్రసాదం సంగతి మొదటిసారి ఆమెకు చెప్పాను. బిషప్ గారి ప్రశ్న కూడా చెప్పాను. నీ మనసులో ఉన్నదే చెప్పు, నేనేమీ అనుకోను అన్నాను. అదొక్కటి అబద్ధం. తెనాలి అతను ఒకడు ఊరికి వెళ్తుంటే చేతిలో పెట్టాను.

ఎండాకాలం వచ్చింది. ఆ తీరంలో ఎండాకాలం అంటే గాలికి కూడా చెమట పడుతుంది. బిషప్ గారు నెలనెలా రావడం, వచ్చిందా అని అడగడం, లేదు ఫాదర్ అని నేను తల వంచుకోవడం. ఉప్పు ఎక్కువేస్తున్నావని క్యాంపులో గోల చేశారు. డ్యూటీ అయ్యాక సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అటు వైపు ఎక్కడో మా దేశం. ఆమె ఈ వేళకు మగ్గం మీద నుంచి లేచి ఉంటుందా, పిల్లకు జడ వేసి ఉంటుందా అనుకునేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చేవాణ్ణి కూడా.

తెనాలి అతను తిరిగి వచ్చింది ఒక శుక్రవారమే. బిషప్ గారు అప్పుడే పూజ ముగించి పెట్టె సర్దుకుంటున్నారు. నా చేతిలో క్యాసెట్ చూసి ఏమీ అడక్కుండా నా వెంట రూమ్‌కి వచ్చారు. కరీంనగర్ అన్న టేప్ రికార్డర్ మంచం మీద పెట్టి, “మీరు ఇనుండ్రి అన్నా, నేను జర బయటుంట,” అని వెళ్ళిపోయాడు. మీట నొక్కాను. ముందు మగ్గం చప్పుడు వినిపించింది. పక్కింట్లో మగ్గం అయి ఉంటుంది. తరువాత ఆమె.

“ఏమయ్యా, బాగున్నావా? నేను బాగున్నా. పిల్ల బాగుంది. ఇంక చెవులు పెట్టి విను. ఎనిమిదేళ్ళ పాటు ఆదివారం ఆదివారం చొక్కాకి గంజి పెట్టి నిన్ను గుడికి పంపిచ్చానా లేదా? సత్ప్రసాదం తినేవాళ్ళు ముందు ఏమీ ముట్టకూడదని పక్కింటి అత్త చెప్పింది. నువ్వు ఖాళీ కడుపుతో పోతే నేను తినటం ఏందని, నువ్వు వచ్చిందాకా నేనూ పచ్చి మంచినీళ్ళు ముట్టలా. ఎనిమిదేళ్ళు! అక్కడ నువ్వేమో గోడకి ఆనుకుని నిలబడి, తిన్నవాడి మల్లే ఇంటికొచ్చి ఉప్మా పెట్టించుకున్నావా? ఇంత గుట్టేందయ్యా నీకు? అడగంది అమ్మైనా పెట్టదే, నన్నొక్క మాట అడిగావా? ఇదుగో నీవల్ల నాకు పెట్టట్లేదు అని అనుంటే, నేనే ఆ స్వాములోరి కాడికి పోయి పోట్లాడేదాన్ని కాదూ?”

నేను మీట ఆపబోయాను. బిషప్ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఇప్పుడు దేశంగాని దేశం పోయి టేపులో అడుగుతావా, నేనింకా ఇష్టమేనా అని? ఈ మాట నా ఎదుట అడిగుంటే నోటితో చెప్పేదాన్ని కాదు, చీపురుతో చెప్పేదాన్ని. ఆ పెద్ద స్వాములోరికి చెప్పు. మా నరసింహసామిని నేను వదిలేది లేదు. నిన్ను నీ దేవుణ్ణి వదలమని ఏనాడూ అన్లా. పిల్లని మీ అక్క వెంట ఆదివారం గుడికి పంపుతానే ఉన్నా. అదేమో నాన్న నిలబడే గోడ ఏదని అడుగుతందంట. నాకేం తెలుసు నువ్వు గోడ కాడ నిలబడతావని? ఇంకోటి విను, నువ్వు...”

టప్పుమని ఆగిపోయింది. ఆ వైపు అయిపోయింది. తిప్పి పెట్టాను. రెండో వైపు వట్టి టేపు రొద తప్ప ఏమీ లేదు. రికార్డు చేసిపెట్టినవాళ్ళు తిప్పడం మరచిపోయి ఉంటారు.

“ఏమంటోంది?” అన్నారు బిషప్ గారు.

“తిడుతోంది ఫాదర్.”

“అది తెలుస్తూనే ఉంది. ఏమని?”

చెప్పాను. ఉపవాసం సంగతి రెండుసార్లు చెప్పాను. నేను గోడకు ఆనుకుని ఆకలిగా నిలబడ్డ ప్రతి ఆదివారం, నాలుగు వీధుల అవతల ఆమె కూడా ఆకలిగా కూర్చుందని నాకు ఆ రోజే తెలిసింది.

“సరే, నువ్వు కావాలని చెప్పిందా?” అన్నారు బిషప్ గారు.

నేను మొదటి నుంచీ మళ్ళీ తలచుకున్నాను. “ఆ మాట ఎక్కడా అనలేదు ఫాదర్.”

“అనలేదా?” ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. “ఉస్తాద్, వద్దనుకున్న ఆడది ఇంతసేపు తిట్టదు. రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఎనిమిదేళ్ళు నీ ఉపవాసం తను కూడా ఉన్న మనిషిని ఇంకా అడగడానికి ఏముంది? నా మాట ఇచ్చినట్టే. వచ్చే పూజకు నువ్వు వంటగదిలోకి పారిపోవద్దు.”

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఆయన టేప్ రికార్డర్ వైపు చూపించారు.

“ఇంకోసారి పెట్టు.”

“మీకు తెలుగు అర్థం కాదు కదా ఫాదర్.”

“అర్థం కానక్కర్లేదు. మా అమ్మ పోయినప్పుడు నేను ఆ రేవు పట్నంలో ఉన్నాను. కబురు అందేసరికి సమాధి మీద గడ్డి కూడా మొలిచింది. అప్పటి నుంచి నన్ను ఇంట్లోవాళ్ళలా తిట్టినవాళ్ళు లేరు. అందరూ ఉంగరం ముద్దు పెట్టుకుంటారు. పెట్టు.”

పెట్టాను. ఆయన ఇనప మంచం మీద కళ్ళు మూసుకుని, మా ఆవిడ తిట్లు మొదటి నుంచి చివరి దాకా విన్నారు. ఆమె గొంతు హెచ్చినప్పుడల్లా ఆయన పెదవుల మీద నవ్వు వచ్చేది.

మరుసటి నెల పూజకు అప్పాలు కాల్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని హాల్లో అందరి మధ్యా మోకాళ్ళూనాను. పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదు. నా వంతు వచ్చింది. ఆయన నా నాలుక మీద పెట్టారు. ఇన్నేళ్ళుగా కోరుకున్నది నోట్లో ఉంది. దేవుడా అనుకున్నాను. కానీ కళ్ళ ముందుకు వచ్చింది మా ఇంటి వసారా. నిండుగా ఉన్న మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని, ముట్టకుండా, వీధి వైపు చూస్తూ కూర్చున్న ఆమె. ఒక్క ఆకలి తీరిన వెంటనే ఇంకొకటి ఇంత పెద్దదిగా లేస్తుందని నేననుకోలేదు. లేచి ఎగిరి వెళ్ళిపోవాలనిపించింది. కాంట్రాక్టు అయిందాకా పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంటుంది. వెనక్కు వచ్చి నేల మీద కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం భోజనాలు పెట్టాక కొత్త క్యాసెట్ తీసుకుని కూర్చున్నాను. తిన్నాను అని చెప్పాను. నువ్వు పక్కన లేవు అని చెప్పాను. ఇక్కడ పూజ ఆదివారం కాదు, నెలకోసారి శుక్రవారం అని కూడా చెప్పి, వెంటనే నాలుక కరుచుకున్నాను. ఇక ఆమె శుక్రవారాలు ఉపవాసం మొదలుపెడుతుంది. వద్దని చెప్పాను. వినదని తెలుసు.

బిషప్ గారు బయలుదేరుతూ పెట్టె చేతపట్టుకుని గుమ్మంలో ఆగారు. “ఆమెకేనా? నా తరఫున కూడా ఒక మాట చెప్పు. పోయినసారి మధ్యలో ఆగిపోయిందని చెప్పు.”

నేను టేపు దగ్గరికి వంగాను.

“ఈసారి రెండు వైపులా నిండా తిట్టి పంపు. వినడానికి ఇక్కడ ఇద్దరం ఉన్నాం.”